ఇటొకటి, అటొకటి

ఆర్వో నియెమిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకుపోతుంటే ఐస్ హాకీ రెఫరీ తారాస్ బోయ్చుక్ ఐసు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిలబడక చేసేదేముంది? ఊరి జట్టు కుర్రాడు ఎలా పడ్డాడో అతను చూడలేదు. చూడనిదానికి విజిల్ ఊదలేడు. ఆ క్షణాన అతని కళ్ళు నల్ల రబ్బరు బిళ్ళ వెంట పరిగెడుతున్నాయి. వెనక ధబ్బుమని వినిపించి తిరిగేసరికి ఆర్వో వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కనే అవతలి జట్టు రడ్, ఏమీ ఎరగనట్టు, కర్రకు అంటిన మంచు దులుపుకుంటున్నాడు.

తారాస్ చూడకపోతేనేం, ఊరంతా చూసింది. ఆదివారం మధ్యాహ్నం ఆట, బంగారు గనికి సెలవు. గ్యాలరీ నిండా గని మనుషులే, ఫ్లాస్కుల్లో కాఫీ కంటే విస్కీ ఎక్కువ. బూట్ల మీది రబ్బరు తొడుగులు ఊడదీసి ఐసు మీదికి విసరడం మొదలుపెట్టారు. ఒకటి వచ్చి తారాస్ మోకాలికి తగిలింది. "గుడ్డోడా, ఇంటికెళ్ళి మీ ఆవిడ కళ్ళు అరువు తెచ్చుకో" అని ఒక పెద్దావిడ గొంతు చించుకుంది. ఆవిడ తప్పేమీ లేదు.

రడ్ సంగతి లీగులో తెలియనివాళ్ళు లేరు. వెనక నుంచి వచ్చి తన కాలితో ఎదుటివాడి మడమలు లాగేస్తాడు. పడేవాడికి చేతులు ఆనించుకునే వ్యవధి కూడా ఉండదు, తల నేరుగా ఐసుకు కొట్టుకుంటుంది. అంత నీచమైన పనికి ఒకచోట ఐదు నిమిషాలు బయట కూర్చునే శిక్ష పడుతుంది, ఒకచోట రెండు, ఒకచోట అసలేమీ లేదు. రెఫరీ ఎవరు, ఊరేది, స్కోరెంత అన్నదాన్ని బట్టి. దీనికి మళ్ళీ రూల్సు పుస్తకం ఒకటి, ఏడాదికోసారి కొత్తగా అచ్చేస్తారు కూడా.

ఇది సిరీస్‌లో ఆఖరి ఆట. ఓడినవాళ్ళు ఇంటికే. తారాస్ కోరుకున్నది మాత్రం ఒక్కటే. ఎవరన్నా గెలవనీ, ఇవాళ ఇంకొకణ్ణి ఇలా మోసుకెళ్ళే గతి పట్టకుండా ఆట ముగిస్తే చాలు.

మొదటి విరామంలో రెఫరీల గదిలో టీ పోసుకుంటూ లైన్స్‌మన్ గేతాన్ నోరు విప్పాడు.

"నేను చూశా గురూ. మడమలు లాగేశాడు."

"మరి అప్పుడే ఏడవొద్దూ?"

"నువ్వు అడిగావా? పోయిన నెల అడక్కుండా చెబితే ఏమన్నావ్? గీతలు నువ్వు చూసుకో, శిక్షలు నేను చూసుకుంటా అన్నావ్. సరే, గీతలే చూసుకుంటున్నా."

ఆ మాట తారాస్‌దే. నిజంగానే అన్నాడు మరి.

అంతలో తలుపు తోసుకుని ఊరి జట్టు కోచ్ ఆంగస్ టేట్ వచ్చాడు. రావడానికి వీల్లేదు, అయినా వచ్చాడు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు, ఒకే కంచంలో తిన్నారు.

"ఏరా, ఐసు మీంచి ఏమన్నా కనిపిస్తోందా, దీపం పెట్టించమంటావా?"

"ఆర్వో ఎలా ఉన్నాడు?"

"తెలివొచ్చింది. ఇవాళ ఏ వారంరా అంటే వాళ్ళమ్మ పేరు చెబుతున్నాడు." టేట్ నవ్వలేదు. "నాకు ఒకటి రావాలి తారాస్. నీకు తెలుసు."

"నీ బెంచీకి పోరా."

పొమ్మన్నాడు కానీ, రాదు అనలేదు. టేట్‌కి అది చాలు.

ఈ ఒకటి రావాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. రెఫరీ పొరపాటున ఇటువైపు ఒకటి వదిలేస్తే, కాసేపటికి అటువైపు ఒకటి చూసీ చూడనట్టు పోనిస్తాడు. ఇటొకటి, అటొకటి. ఆటగాళ్ళకు తెలుసు, కోచ్‌లకు తెలుసు, గ్యాలరీలో వేయించిన బంగాళాదుంపలు నములుతున్న పిల్లలకూ తెలుసు. దాన్ని సరిచేయడం అంటారు. ఒక తప్పు పక్కన రెండో తప్పు పెట్టి, రెండూ కలిపి న్యాయం అనుకునే తెలివి! తారాస్ కూడా ఇన్నేళ్ళుగా అలాగే సరిచేస్తూ వచ్చాడు, మంచి రెఫరీ అని పేరు కూడా తెచ్చుకున్నాడు.

చివరి భాగంలో స్కోరు సమానంగా ఉంది. తారాస్ బిళ్ళ వేయడానికి వంగబోతుంటే టేట్ తన బెంచీ నుంచి డెల్బర్ట్ కీన్‌ని ఐసు మీదికి దింపాడు. డెల్బర్ట్ గోల్స్ కొట్టేవాడు కాదు. వేసవిలో వడ్రంగి పని, చలికాలంలో ఈ పని. వేళ్ళ కణుపులన్నీ విరిగి అతుక్కున్నవే. జట్టులో ఎవరి మీదన్నా చెయ్యిపడితే బదులు తీర్చడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి.

అతను మెల్లగా తారాస్ పక్కకు జారి వచ్చాడు.

"సార్, ఇప్పుడు కూడా మీ చూపు బిళ్ళ మీదేనా?"

తారాస్‌కి అర్థమైంది. అర్థం కాకపోవడానికి అతనేమన్నా నిన్న పుట్టాడా? డెల్బర్ట్ వెళ్ళి రడ్‌తో కలబడతాడు. పెద్ద మనుషులిద్దరూ చేతి తొడుగులు పారేసి నాలుగు గుద్దుకుని కింద పడతారు. ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు. గ్యాలరీ చల్లబడుతుంది, మిగతా ఆట గొడవ లేకుండా నడిచిపోతుంది. ఎన్నిసార్లు చూడలేదు అలాంటివి.

"నా పని అదేగా" అన్నాడు.

డెల్బర్ట్ వెంటనే కదల్లేదు. ఇంకేదన్నా అంటాడేమోనని చూస్తున్నట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత "సరే సార్" అని తన చోటికి వెళ్ళాడు.

తారాస్ బిళ్ళ వేశాడు. అది ఎడమ మూలకు పోయింది. అక్కడ ఇద్దరు కర్రలతో దాన్ని ఐసు చుట్టూ ఉన్న చెక్కగోడకు అదిమి పట్టారు, అందులో చూడవలసిందేమీ లేదు. అయినా పట్టుబట్టి దాన్నే చూశాడు. వెనక చెక్కగోడ అదిరింది. గ్యాలరీ ఒక్కసారిగా లేచి అరిచింది, ఆ అరుపు మధ్యలోనే తెగిపోయింది. అప్పుడు తిరిగాడు.

గోడ పక్కన బోర్లా పడి ఉన్నది రడ్ కాదు. ఎమీల్. అవతలి జట్టులో అందరికంటే చిన్నవాడు, అందరికంటే బాగా ఆడేవాడు. ముఖం కింద ఐసు ఎర్రబడుతోంది.

తారాస్ అవతలి బెంచీ వైపు చూశాడు. రడ్ అక్కడే ఉన్నాడు, భుజాన తువ్వాలుతో. వాళ్ళ కోచ్ అతన్ని ఎప్పుడో వెనక్కి పిలిచి కూర్చోబెట్టాడు. ఐసు మీద ఎవరున్నారో ఒక్కసారి తల తిప్పి చూసుకుని ఉంటే తెలిసేది.

డెల్బర్ట్ తారాస్ చేతి వైపు చూశాడు. శిక్షకు గుర్తుగా ఎత్తాల్సిన ఆ చెయ్యి లేవలేదు. ఇంకాసేపు చూసి, తనంతట తానే, శిక్ష పడ్డవాళ్ళు కూర్చునే పెనాల్టీ బెంచీకి వెళ్ళి, తలుపు తీసుకుని లోపల కూర్చుని, తలుపు వేసుకున్నాడు.

అవతలి జట్టువాళ్ళు తారాస్ చుట్టూ మూగారు. బెంచీ మీంచి రడ్ "న్యాయం చెయ్యవయ్యా" అని అరుస్తున్నాడు. ఆ మాట ఆ నోట రావడం విని తారాస్ అటు వీపు తిప్పేశాడు. గేతాన్‌ని పిలిచాడు.

"చూశావా?"

"చూశా. వెనక నుంచి వచ్చి గోడకేసి కొట్టాడు. ఐదు నిమిషాలు, ఆట నుంచి బయటికి. ఈసారి అడిగావు కాబట్టి చెబుతున్నా."

తారాస్ పెనాల్టీ బెంచీ దగ్గరికి వెళ్ళాడు. డెల్బర్ట్ తల ఎత్తలేదు.

"రడ్ మీదికి పోతావనుకున్నానయ్యా."

"వాడు బెంచీ మీదున్నాడు కదా సార్. కోచ్ చెప్పింది ఎమీల్‌నే. మనవాడికి వాళ్ళవాడు." చేతి తొడుగులు ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ పిల్లాడూ నేనూ వేసవిలో చేపలకు వెళ్తాం. అందుకే మిమ్మల్ని అడిగింది. వద్దంటారని అడిగా. రెఫరీ కనిపెట్టేశాడు, ఇవాళ కుదరదు అని కోచ్‌తో చెప్పి కూర్చునేవాణ్ణి."

"నేను నిన్ను కొట్టమనలేదు."

"లేదు సార్. మీరేమీ అనలేదు."

టైమ్ చూసే ఆయన కిటికీ తీసి ఎవరికి ఎంత అని అడిగాడు. తారాస్ చెప్పాడు. అది మైకులో వినిపించగానే టేట్ బెంచీ ఎక్కి నిలబడ్డాడు. "ఆర్వోకి లేని ఐదు నిమిషాలు వీడికెక్కణ్ణించి వచ్చాయిరా?" అని అరిచాడు. గ్యాలరీ అంతా అదే అడిగింది. రబ్బరు తొడుగులు మళ్ళీ వచ్చి పడ్డాయి. తారాస్ వంగి వాటిని ఒక్కొక్కటే ఏరి గోడ పక్కకు వేశాడు.

స్ట్రెచర్ వచ్చింది. మోసేవాళ్ళు ఐసు మీద జారుతుంటే తారాస్ వెళ్ళి కాళ్ళవైపు కొస పట్టుకున్నాడు. రెఫరీ పట్టకూడదని ఎవరూ అనలేదు. ఎమీల్ కళ్ళు తెరిచే ఉన్నాయి. ముఖం తుడిచాక చూస్తే పాపం ఇంకా మీసం కూడా సరిగా రాలేదు.

"సార్" అన్నాడు ఎమీల్ సన్నగా. "నా కాళ్ళు ఐసు మీదే ఉండిపోయాయి. వాటిని కూడా పైకి పెట్టండి."

కాళ్ళు రెండూ స్ట్రెచర్ మీదే, తారాస్ చేతుల ముందే ఉన్నాయి.

"పెట్టాం నాయనా" అన్నాడు తారాస్.