రాయబారి తాగని కాఫీ

అరబ్బుల ఊరు ధీబాన్‌లో పిల్లనడగడానికి వెళ్ళినా, పాత పగ తీర్చుకోవడం మాని రాజీకి వెళ్ళినా పద్ధతి ఒకటే. ఇంటాయన పోయించిన కాఫీని అతిథి తాగకుండా ముందు పెట్టుకుంటాడు. "తాగండి, మీరొచ్చిన పని అయినట్టే" అని ఇంటివాళ్ళు అనేదాకా ముట్టుకోడు. అన్నారా, ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడమనేది లేదు.

ఈ సంగతి అమెరికా కొత్త రాయబారి మార్గెట్ ఫిన్లీకి ఎవరూ చెప్పలేదు. ఆవిడకు అరబ్బీ బాగానే వచ్చు. గుండెదడ ఉంది, కాఫీ మానెయ్యమని డాక్టరు చెప్పాడు. వద్దంటే బాగుండదని కప్పు అందుకుని బుద్ధిగా ఎదుట పెట్టుకుంది.

విందు డేరాలో ఉన్న నలభై మంది ఊరివాళ్ళూ మాటలు ఆపేశారు. ఆ ఊరివాడే అయిన విదేశాంగ మంత్రి సత్తాంకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన ఆవిడను భోజనానికి పిలిచింది వేరే పని మీద. రెండేళ్ళ కిందట పాత రాయబారి ఇదే డేరాలో కూర్చుని ధీబాన్‌కు మంచినీళ్ళ పైపులైను వేయిస్తామని ఆయనతో అన్నాడు. అది నమ్మి సత్తాం ఊరికి తను పూచీ పడ్డాడు. అక్కడ ప్రభుత్వం మారింది, ఇక్కడ రాయబారి మారాడు, పైపులైను గాలికి పోయింది. అమెరికావాళ్ళు అన్నారో లేదో, మనవాడే కోతలు కోశాడని ఊరు తేల్చేసింది. మంత్రి అయితేనేం, సొంతవాళ్ళ దగ్గర ముఖం చెల్లడం లేదు పాపం. బాబాయి, ఊరిపెద్ద షేక్ మిథ్‌కాల్ కూడా ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. ఈవిడ చేత మళ్ళీ ఒక మాట ఇప్పిస్తే పరువు దక్కుతుందని ఆయన ఆశ. తీరా చూస్తే అడగాల్సినవాడే ఇవ్వాల్సినవాడయ్యాడు.

ఆవిడ తెలియక పెట్టిందని చెబుదామని నోరు తెరిచేలోపే ఎనభయ్యేళ్ళ మిథ్‌కాల్ గొంతు సవరించుకున్నాడు. "తాగమ్మా. నువ్వొచ్చిన పని అయినట్టే. ఏం కావాలో అడుగు."

ఆవిడ తెల్లబోయింది. సత్తాం మెల్లగా సంగతి వివరించి, నవ్వేసి వదిలేస్తుందిలే అనుకున్నాడు. ఆవిడ వదిలే రకం కాదు.

"అయితే ఒకటి అడుగుతాను మంత్రిగారూ. మేం లేనప్పుడు మీరూ, మిగతా స్నేహదేశాలవాళ్ళూ మా గురించి ఏమనుకుంటారు? ఉన్నదున్నట్టు చెప్పండి."

సత్తాం లెక్కలు వేసుకున్నాడు. చెబితే ఆవిడకు కోపం రావచ్చు, పైపులైను మీద మిగిలిన ఆశ కాస్తా పోతుంది. చెప్పకపోతే బాబాయి మాట పోతుంది. ముప్ఫయ్యేళ్ళుగా తీయటి మాటలతో నెట్టుకొచ్చిన మనిషి, వేరే దారి లేక నిజం మొదలుపెట్టాడు.

అమెరికా మాటకు ఆయుష్షు నాలుగేళ్ళేనని పొరుగు దేశపు మంత్రి ఒకాయన ఎప్పుడూ అంటాడన్నాడు. ఐరోపావాళ్ళు సమావేశంలో తలలూపి, బయటికి రాగానే, వీళ్ళు లేకుండా ఏం చేద్దామని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారన్నాడు. అయినా ఆపదొస్తే అందరూ మొదట చూసేది అమెరికా వైపేనని, అందుకే ఇంత మంట అని కూడా అన్నాడు. అంతా చెప్పాక గొంతు తగ్గింది.

"ఇక నా సంగతంటారా. మీ మాట నమ్మి నేను మాటిచ్చాను. మీది తప్పింది, నన్ను అబద్ధాలకోరన్నారు. మీరు వెళ్ళిపోతారు. నేను ఇక్కడే ఉండాలి."

ఫిన్లీ మొహం ఎర్రబడింది. సత్తాం, అయిపోయింది నా పని, అనుకున్నాడు. ఆవిడ లేచి, ఆయన వైపు కాక డేరాలోని నలభై మంది వైపు తిరిగింది.

"ఆ మాట మేమిచ్చాం. కాగితాలు నేను చదివాను. తప్పింది మేము, ఈయన కాదు. పైపులైను వస్తుందని ఇవాళ నేను చెప్పలేను. అడుగుతాను. రాదంటే రాదని నేనే వచ్చి చెబుతాను."

మిథ్‌కాల్ ఆవిడ వైపు తిరిగాడు.

"రెండేళ్ళుగా వీణ్ణి తిట్టాం. ఆ తిట్లన్నీ నీకు రావాల్సినవన్నమాట."

"అవునండీ. తీసుకెళ్ళి మావాళ్ళకు అప్పజెబుతాను."

ముసలాయన పకపకా నవ్వాడు. డేరా అంతా నవ్వింది. నీళ్ళ చుక్క రాకపోయినా సత్తాం కడుపు చల్లబడింది.

భోజనాల పళ్ళాలు వచ్చాయి. సత్తాం రెండేళ్ళ అలవాటు కొద్దీ వెనక వరసలో కూర్చోబోయాడు. మిథ్‌కాల్ పళ్ళెంలోంచి మంచి మాంసం ముక్క ఏరి చేత్తో పట్టుకుని, అందరికీ వినబడేలా పిలిచాడు.

"అక్కడెందుకురా అబ్బాయ్? నా పక్కకి రా."