కదలని తల

"నువ్వే పడుకోమ్మా. నీ అంత కదలకుండా ఇంకెవరూ ఉండలేరు" అన్నాడు ప్రొఫెసరు. మెదడు ఒక్కో భాషను ఎలా అందుకుంటుందో చూసే పరీక్ష ఏది మొదలైనా, సరిచూసుకోవడానికి ముందుగా స్కానర్‌లో దూరేది ఆయన ల్యాబులో పనిచేసే ఆమే. దిద్దులు, పిన్నులు, ఉంగరం తీసి పక్కన పెట్టింది. పొద్దున్నే వండి, డబ్బాలు సర్ది, బట్టలారేసి బస్సుకి పరుగెత్తుకొచ్చిన మనిషిని పడుకోమనేవాడు లోకంలో ఈయనొక్కడే. అదీ జీతంలో పనే.

కదలకుండా మెదలకుండా ఉండటం ఆమెకు అత్తింట్లో అబ్బిన విద్య. పాప పుట్టగానే "మన భాషే మాట్లాడు, మీ పుట్టింటి భాష కూడా కలిపితే పిల్ల అయోమయంలో పడుతుంది" అన్నాడు భర్త. మెదడు గురించి చదువుకున్నది ఆమె, తీర్పు ఆయనది. పుట్టింటి మాటలతో జోకొట్టబోతే, ఆ గొణుగుడేమిటే, పిల్ల జడుసుకుంటుంది అని అత్తగారు నవ్వింది. ఆమె నోరు మూసుకుంది. మూసుకున్న ఆ నోటికే "మా కోడలు బంగారం" అని పేరొచ్చింది. అమ్మ పోయాక ఆ భాషలో పలకరించే దిక్కే లేకపోయింది. ఎక్కడో ఒకచోటైనా అది బతకాలని ప్రొఫెసర్ని బతిమాలి ఈ పరీక్షలో చేర్పించింది.

తల చుట్టూ దిండ్లు బిగించారు. యంత్రం దడదడమని మొదలైంది. అత్తింటి భాష వినిపించినంతసేపూ రాయిలా పడుకుంది. తర్వాత పుట్టింటి భాష. చదివేవాళ్లు ఇంకెవరూ దొరక్క తనే చదివి రికార్డు చేసిన వాక్యాలు. తన గొంతే, కానీ హెడ్‌ఫోన్లలో అచ్చం అమ్మ గొంతు. తిన్నావా? అలసిపోయావా? ఎందుకలా ఉన్నావు?

"ఏం లేదమ్మా" అనేసింది. ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది.

"కదిలావేమిటి? మొత్తం పాడైంది" అన్నాడు ప్రొఫెసరు, తెర మీద అలుక్కుపోయిన బొమ్మ చూపిస్తూ. ఎలాగూ ఆ భాషవాళ్లు ఇక్కడ దొరకరు, తీసేద్దాం అన్నాడు. ఆ రికార్డింగులు చెరిపేసే పని కూడా ఆమెకే అప్పగించాడు. చెరిపేసింది. ఎదురు చెప్పడమెలాగో ఎప్పుడో మరిచిపోయింది.

ఇంటికొచ్చేసరికి పాప బొమ్మలేసుకుంటోంది, భర్త ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె భుజాన సంచైనా దించకుండా పాప పక్కన కూర్చుని, అమ్మ భాషలో "తిన్నావా?" అంది.

పాప ఆమె ముఖంలోకి వింతగా చూసి, తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, అమ్మ ఏమంటోంది?"

ఆయనకీ తెలియలేదు. ఎప్పటిలా తమ భాషలో చెబుతుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఆమె చెప్పలేదు. మళ్లీ అదే మాట అడిగింది.