సాంచాల ఇంటి మాట

తంగళ్ళపల్లిలో మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచాల మధ్య నోటితో మాట్లాడితే గొంతు పోవడమే తప్ప ఎదుటివాడికి చేరేదేమీ ఉండదు. అందుకే అక్కడ సగం సంసారం చేతుల మీదనే నడుస్తుంది. రెండు వేళ్లు విడదీస్తే పోగు తెగిందని, బొటనవేలు నోటికి పెడితే నీళ్లని. వేణు పుట్టిందీ పెరిగిందీ ఆ చప్పుడులోనే. ఇప్పుడు తండ్రికి అన్నయిన పెద్దబాపు లస్మయ్య కార్ఖానలో సాంచాలు నడుపుతున్నాడు. కార్ఖాన గోడకు ఆనుకొనే ఇల్లు.

కాబట్టి మూడేళ్లు దాటినా బిడ్డ మానస నోట ఒక్క మాట రాకపోతే అతనికి వింతనిపించలేదు. సాంచాల ఇళ్లలో మాట లేటుగానే వస్తుందని, తనకూ నాలుగేళ్లదాకా రాలేదని, ఎవరడిగినా అదే జవాబు. పైగా పిల్లకు సైగలు వచ్చు. నీళ్లకో సైగ, అన్నానికో సైగ. అది చూసి తండ్రి పొంగిపోయేవాడు. పిలిస్తే తిరిగి చూడదని, మునివేళ్ల మీద నడుస్తుందని, దారపు కండె చేతికిస్తే పొద్దుగూకేదాకా దాన్నే తిప్పుతూ కూర్చుంటుందని భార్య సంగీత చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేవాడు.

సంగీతది కోరుట్ల. తొలికాన్పుకని పుట్టింటికి వెళ్లిన వారానికే, ఇంకా ఏడో నెలలోనే, నొప్పులొచ్చాయి. జగిత్యాల దవాఖానకు ఉరికించారు. పిడికెడు పిల్ల. నెల దాటినా అద్దాలపెట్టెలోనే ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు, నెలలు నిండని పిల్ల గనుక రెండేళ్లదాకా మళ్లీ మళ్లీ తెచ్చి ఎదుగుదల చూపించాలని గట్టిగా చెప్పారు. వేణు ఒక్కసారి తీసుకుపోయాడు. బరువు పెరిగిందన్నారు. పెరిగింది కదా, ఇంకెందుకన్నాడు.

సంగీత ఊరుకోలేదు. నడక ఆలస్యమైనప్పుడు అడిగింది. అత్త వద్దన్నా కూడా అడిగింది. చివరికొకనాడు షిఫ్టు మారే వేళ కార్ఖాన గడపలోకి వచ్చి, నలుగురూ ఉండగా అడిగింది. అప్పుడే వేణు ఆ మాటన్నాడు.

"మీ కోరుట్లోళ్లకు అన్నిట్ల తొందరే. కనుట్ల తొందర, మాట్లాడిపిచ్చుట్ల తొందర. రెండు నెలలు కడుపుల మొయ్యరాలే గని, జగిత్యాల దాక మోస్తవా?"

అందరూ నవ్వారు. వేణు తల్లి సమ్మవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ మాట కార్ఖానలో ఊతపదమైపోయింది. ఎవరి చెయ్యి తొందరపడి పోగు తెంపినా 'కోరుట్ల తొందర' అనేవారు. సంగీత మళ్లీ ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడు అంగన్‌వాడీ టీచరు శాంత పిల్లను చూసి, ఇది సాంచాల లేటు కాదని ముఖం మీదే చెప్పింది. అప్పుడు కదిలాడు వేణు. వేములవాడ మీదుగా జగిత్యాల బస్సు. కొడిమ్యాల దాటినా మొగుడుపెళ్లాల మధ్య మాట లేదు. పిల్ల మాత్రం కిటికీ కమ్మీకి నుదురు ఆనించి, దాని వణుకుకు హాయిగా కళ్లు మూసుకుంది.

జగిత్యాలలో డాక్టరమ్మ పిల్లను కింద కూర్చోబెట్టి, బొమ్మలిచ్చి చాలాసేపు చూసింది. మాట దగ్గర, మనుషులతో కలవడం దగ్గర పిల్ల చాలా వెనకబడి ఉందని, ఆటిజం ఉన్నట్టుందని, ఇంకా పరీక్షలు చేయాలని చెప్పింది. తర్వాత సంగీత వైపు తిరిగింది.

"నెలలు నిండని పిల్ల. తేవాలని చెప్పే పంపినరు కదమ్మా. ఎందుకు తేలే?"

"తెల్వలే మేడం. లేటుగ మాట్లాడుతదనుకున్న" అంది సంగీత.

అబద్ధం అంత నున్నగా ఆమె నోట వస్తుందని వేణు అనుకోలేదు. గుండె మీద నుంచి ఏదో దిగినట్టయింది. దిగినందుకే సిగ్గయింది. అయినా నోరు తెరవలేదు. తల్లివి నువ్వే చూసుకోకపోతే ఎట్లా అని డాక్టరమ్మ ఇంకో రెండు మాటలంది. సంగీత తల వంచుకొని ఆ మాటలు పడింది.

"నువ్వు పిలువయ్యా పిల్లను" అంది డాక్టరమ్మ వేణుతో.

"మానసా!" అన్నాడు వేణు. అది సాంచాల మీదుగా వేసే కేక. పక్క గదిలో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. మానస రెండు చేతులతో చెవులు మూసుకుంది. మెల్లగా పిలవమంది డాక్టరమ్మ. మళ్లీ పిలిచాడు. గొంతు దిగలేదు. చప్పుడు లేని చోట బిడ్డను ఒక్కసారైనా పిలవలేదని అతనికి అప్పుడు తట్టింది. ఏం చేయాలో తోచక అలవాటుగా బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. పిల్ల ఓరకంట చూసింది. లేచిపోయి తల్లి సంచిలోంచి నీళ్ల సీసా లాగింది.

డాక్టరమ్మ ముఖం విప్పారింది. "ఎవరు నేర్పిండ్రు?"

"నేనే."

"మంచి పని చేసినవ్. సైగతోపాటు మాట గూడ చెప్పు, మెల్లగ చెప్పు. ఇంత ఓపికున్న తండ్రులు మాకు తక్కువ కనవడతరు."

తిట్లు ఆమెకు, మెప్పు తనకు. వేణు కుర్చీలో ఇమడలేకపోయాడు.

"మేడం, ఆమెను అనకుండ్రి. ఆమె తీస్కపోదమని ఎన్నిసార్లో అన్నది. నేనే ఒద్దన్న. నెలలు నిండకుంట కన్నవని ఎక్కిరిచ్చిన."

డాక్టరమ్మ సంగీత వైపు చూసింది. నెలలు నిండకముందే కాన్పు కావడం తల్లి తప్పు కాదంది. అట్లా పుట్టినవాళ్లందరికీ ఇది రాదని, కొందరికి వస్తుందని, ఎవరికి వస్తుందో ముందే తెలియదు గనుకే మళ్లీ మళ్లీ చూస్తామని చెప్పింది. "పోయిన కాలం వాపస్ రాదు. ఇగ వారం వారం రావాలె."

బస్టాండులో పిల్లను ఎత్తుకొని నిలబడి, తప్పయిందన్నాడు వేణు.

"నాకెందుకు చెప్తున్నవ్, నాకు తెల్వదా?" అంది సంగీత, బస్సు వచ్చే దిక్కే చూస్తూ. "ఆ మాట ఏడ అన్నవో ఆడ చెప్పు."

ఇల్లు చేరేసరికి కార్ఖాన నడుస్తోంది. సమ్మవ్వ ఎదురొచ్చి ఏమన్నారని చేయి తిప్పి అడిగింది. వేణు జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లి కరెంటు మెయిను దించాడు. సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. పనివాళ్లు తలలెత్తారు. లస్మయ్య బీడీ పారేసి లేచాడు.

అంత నిశ్శబ్దంలో మాట్లాడటం వేణుకు చేతకాలేదు. మొదటి మాట అరుపులాగే వచ్చింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు.

"మానసకు మాట లేటు కాదు. దవాఖాన్ల ఇలాజ్ చేపియ్యాలె, శానా రోజులు. సంగీత ఎప్పుడో చెప్పింది. నేను ఇనలే. ఇనకపోంగ, మీ అందరి ముంగట ఆమెను నవ్వులపాలు చేసిన. తప్పు నాది. గా మాట ఇగ ఎవ్వలు అనద్దు."

ఎవరూ నవ్వలేదు. "నవ్వినోళ్లల్ల నేను గూడ ఉంటి గదరా" అని సమ్మవ్వ నేల చూస్తూ గొణిగింది.

లస్మయ్య మెయిను దగ్గరికి వచ్చి, సాంచాలు వేయాల్నా అని అడిగాడు.

"జర ఆగు పెద్దబాపు" అన్నాడు వేణు.

సంగీత పిల్లను పట్టుకొని గడపలోనే నిలబడి ఉంది. ఆమె ఏమంటుందో వినాలని అతను ఆ వైపే చూశాడు.