గడీలో చదివిన కాగితం

రాయి మీది గుడ్డ లాగేసరికి జనం చప్పట్లు కొట్టారు. నర్సక్క కొట్టలేదు. ఆమెకు చదువు రాదు. అయినా ఆ నల్లరాయి మీద ఉన్నది ఒక్క పేరేనని తెలియడానికి చదువెందుకు? పదకొండు పేర్లు అంత కొంచెం రాతలో పట్టవు.

సకల జనుల సమ్మె మొదలై అది పన్నెండో రోజు. కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో, ఎర్రవాగుపల్లె దగ్గర రోడ్డుకు అడ్డంగా డేరా వేశారు. బస్సుల్లేవు, బడుల్లేవు, బీడీల కార్ఖానా మూతపడింది. తెల్లారితే చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని కూర్చునే ఆడవాళ్లంతా ఖాళీ చేతులతో డేరా కిందికి వచ్చారు. కూలి పోయినా ఎవరూ సణగలేదు. తెలంగాణ వస్తే బతుకు మారుతుందని నిజంగా నమ్మినవాళ్లు వాళ్లే. డేరాకు అధ్యక్షుడు మాత్రం జలపతి రావు. ఒకప్పటి గడీ దొర కొడుకు, ఇప్పటి రైసుమిల్లు యజమాని.

"ప్రపంచ యుద్ధంల ఫాసిజం మీద కొట్లాడిన ఊరు మనది!" అన్నాడాయన మైకులో. "హిట్లరు మీదికి, ముస్సోలినీ మీదికి మా నాయిన అర్జున్ రావు గారు పదకొండు మంది జవానులను తోలిండ్రు. గా రోషం ఈ మట్టిల ఉన్నది. గందుకే ఈ అమరుల రాయి!"

తోలాడు. ఆ మాట మాత్రం నిజం. ఎడ్లను తోలినట్టే తోలాడు. నలభై రెండులో జంగుకు మనుషులు కావాలని పైనుంచి కబురొస్తే, అర్జున్ రావు తన ఇంటివాళ్లను చూపలేదు, తన చుట్టాలను చూపలేదు. గడీలో వెట్టి చేసే వాడకు పోయి, ఇంటికొకణ్ని ఏరాడు. నర్సక్క తండ్రి మొగిలి అట్లా పోయినవాడే. అప్పటికి నర్సక్క తల్లి కడుపులో ఉంది.

నర్సక్క లేచి నిలబడింది. అరవై తొమ్మిదేళ్లలో ఆ ఇంటి మనిషి ఎదుట నోరు తెరవడం ఆమెకు అదే మొదలు.

"దొరా, మా బాపు పేరేది?"

జలపతి రావు మైకును చేత్తో మూశాడు. "ఎవల పేరే నర్సీ?"

"మొగిలి. జంగుకు వోయిండు గద. గా పదకొండు మందిల ఉన్నడు."

"పోయిండు. మళ్ల అచ్చిండా?"

"రాలే."

"సచ్చిండా మరి?"

ఆ మాట నర్సక్క ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

"సచ్చినోనికి సర్కారు కాయిదం అస్తది. మీ బాపు పటాలం ఇడిసిపెట్టి ఉరికిండని మా నాయిన అంటుండె. ఉరికినోని పేరు అమరుల రాయి మీద చెక్కుతరా ఎవలన్న? కూసో."

"మరి రాయి మీదున్న అర్జున్ రావు ఏ జంగుల సచ్చిండు దొరా?" అని వెనుక నుంచి సతీశ్ అరిచాడు. గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్లు చెక్కే మనిషి, నోరు ఊరుకోదు. వాడవాళ్లు గొల్లున నవ్వారు.

జలపతి రావు ముఖం ఎర్రబడింది. "ఉద్యమం నడుస్తుంటే ఊర్ల సీలిక దెస్తర్రా? ముందుగాల తెలంగాణ రానియ్యిరి. పేర్ల ముచ్చట గప్పుడు సూద్దాం."

వాడకు ఈ మాట కొత్త కాదు. జంగు అయిపోనియ్యమన్నారు. రజాకార్లు పోనియ్యమన్నారు. ఇప్పుడు తెలంగాణ రానియ్యమంటున్నారు. ఏది వచ్చినా, ఏది పోయినా వరుసలో చివర నిలబడేది వాళ్లే.

"మా బాపు ఉరకలే" అంది నర్సక్క. "మంచిగున్న అని కాయిదం రాసిండు. మా అవ్వ దాసిపెట్టింది."

"తే మరి. సూస్త."

ఆ కాగితం సంగతి వాడంతా ఎరిగినదే. నలభై నాలుగు చివరలో వచ్చింది. టపా ఎవరికి వచ్చినా గడీకే చేరేది. నర్సక్క తల్లి పోశవ్వ చంటిపిల్లను చంకనేసుకుని గడీ వాకిట్లో, చెప్పులు విడిచే చోట కూర్చుంది. అర్జున్ రావు కాగితం విప్పి చదివాడు. "నీ పెనిమిటి మంచిగున్నడంట. ఆడ సలి బాగ వెడుతుందంట. నేనచ్చేదాంక నా వంతు పని నువ్వు జెయ్యి, దొర కాళ్లు ఇడువకు అని రాసిండు." చదివి, కాగితాన్ని ఆమె ఒడిలోకి విసిరేశాడు.

పోశవ్వ ఆ రోజు నుంచి మొగని వెట్టి కూడా తనే చేసింది. కాగితాన్ని పసుపు గుడ్డలో చుట్టి రేకు పెట్టెలో పెట్టుకుంది. పండుగ పండుగకూ తీసి దానికి కుంకుమ బొట్టు పెట్టేది.

పదకొండు మందిలో తిరిగి వచ్చింది సాయన్న ఒక్కడే. అతను వేరే పటాలంలో ఉన్నాడు, మొగిలిని చూడలేదు. కానీ ఇటలీ కొండల గురించి చెప్పాడు. అక్కడి రైతులు, వాళ్ల ఆడవాళ్లు కూడా, తుపాకులు పట్టి కొండలెక్కి జర్మనోళ్లతో కొట్లాడారని చెప్పాడు. వచ్చిన వారానికే గడీ నుంచి వెట్టికి పిలుపొచ్చింది. "జర్మనోన్ని మోకాళ్ల మీద కూసుండవెట్టి అచ్చిన. నీ ముందట నేనెందుకు కూసుంట?" అన్నాడట సాయన్న. గడీ గేటుకు కట్టేసి కొట్టారు. దెబ్బలు మానిన తర్వాత దొరల మీద కొట్లాడే సంఘంలో కలవడానికి పోయి, మళ్లీ ఊరి ముఖం చూడలేదు.

పోశవ్వ మాత్రం ఎదురుచూసింది. ఎనభై ఆరులో చచ్చేదాకా నొసట బొట్టు, చేతికి గాజులు తీయలేదు. ముత్తైదువగానే పాతిపెట్టారు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య, పెత్తరమాస నాడు, పోయిన పెద్దల పేర్లు చెప్పి దాసరయ్యకు బియ్యం పోయడం వాడ ఆచారం. బతికున్నవాడి పేరు చెబితే వాడికి కీడు. అందుకే మొగిలి పేరున ఆ ఇంట్లో ఎవరూ పిడికెడు బియ్యం పోయలేదు. తర్వాత పిల్లలు బడికి పోయారు, నాలుగక్షరాలు నేర్చారు. అయినా ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదు. ఏముందో అందరికీ తెలిసిన కాగితాన్ని మళ్లీ చదివించుకునేదెవరు?

నర్సక్క కొడుకు ప్రేమ్‌సాగర్ సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. అతని కూతురు స్రవంతి జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. సమ్మెకు కాలేజీ మూసేస్తే బాపమ్మ దగ్గరికి వచ్చింది. డేరా నుంచి ఇంటికి పోగానే నర్సక్క పెట్టె తీసి, గుడ్డ విప్పి, కాగితం స్రవంతి చేతిలో పెట్టింది.

"గట్టిగ సదువు బిడ్డా. రేపు అందరి ముందట నువ్వే సదవాలె."

స్రవంతి ఒకసారి చదివింది. కుంకుమ మరకలు గోటితో గీకి మళ్లీ చదివింది.

"బాపమ్మా, ఇది ముత్తాత రాసింది గాదు. సర్కారు పంపింది. ఇంగ్లీషుల టైపు కొట్టి ఉన్నది."

"ఏమని?"

"నువ్వు కూసో."

"కూసునే ఉన్న గద. సదువు."

"మొగిలి, పయనీరు దళం. పంతొమ్మిది వందల నలభై నాలుగు, అక్టోబరు పద్నాలుగు నాడు, ఇటలీల, దుష్మన్ల ఫిరంగి దెబ్బకు సచ్చిపోయిండని విచారంతోని తెలుపుతున్నం... గిదే ఉన్నది బాపమ్మా. ఇంకేం లేదు."

నర్సక్క కాగితం తీసుకుని బొట్ల మీద చెయ్యి పెట్టింది. నలభై రెండేళ్లు తన తల్లి చావు కబురుకు బొట్టు పెట్టింది. ఇరవై ఏళ్లకే ముండమోసిన మనిషి, ఆ సంగతి తెలియకుండానే ముసలిదై పోయింది. తెలిసి ఉంటే ఏడ్చేది. మారుమనువు పోయేది. గడీ మీద మన్ను పోసి ఊరు విడిచేది. ఒక్క దొంగ చదువుతో దొర అవన్నీ లాక్కున్నాడు. చివరికి ఏడ్చే హక్కు కూడా లాక్కున్నాడు. ఇప్పుడు పోయి ఆ తల్లికి చెబుదామంటే ఎక్కడుంది?

"నేను ఎవలకు జెప్పాలె బిడ్డా? అవ్వ సచ్చె, దొర సచ్చె. ఎవల గల్ల వట్టాలె?" అని నర్సక్క తలుపుకు ఆనుకుని కూలబడింది.

పక్కింటి లస్మవ్వ పరుగెత్తుకొచ్చింది. సంగతి విని, కొంగు నోట్లో కుక్కుకుంది. "నా కొడుకు దుబాయిల సచ్చిండు. నాకు పెట్టెన్న అచ్చింది నర్సక్కా. మూత దీసి మొకం సూసిన. మీ అవ్వకు గదన్న లేకపాయె."

పొద్దు గూకేముందు వాడంతా చర్చి ముందర కూడింది. జంగు నుంచి తిరిగి రానివాళ్ల ఇళ్ల నుంచి రేకు పెట్టెలు వచ్చాయి. ఆరిళ్లలో కాగితమే లేదు. నాలుగిళ్లలో దొరికాయి. స్రవంతి ఒక్కొక్కటే చదివింది. రెండు నిజంగానే ఉత్తరాలు. రెండు చావు కబుర్లు. ఒకటి మొగిలిది, రెండోది లస్మవ్వ మామది. అది కూడా గడీలో మంచి కబురుగానే చదివారు.

"ఇన్నేండ్లకు తోడుకుంటే ఏమస్తది? పోనియ్యిరి" అన్నాడొక ముసలాయన.

"ఏమీ రాదు" అంది స్రవంతి. "అచ్చేదుంటే ఎన్నడో అస్తుండె. గనీ గా జలపతి రావు మన పేర్లు తుడిసి మనకే ఫాసిజం ముచ్చట జెప్తుండు. ముత్తాతకు గా మాట గూడ ఎరుకలేదు. ఒకడు కుర్సీల కూసుంటే మందంత కాళ్లకాడ కూసునుడు ఎట్లుంటదో ఎరుకే. గదే ఫాసిజం. దాని మీద కొట్లాడనీకె సముద్రాలు దాటి పోయిండు. ఇంటికాడ గదే గడీల ఆయన పెండ్లాం వాకిలి ఊడ్చింది."

"తెలంగాణకు అడ్డం వడుతున్నరని పేరు వెడుతరు" అన్నారెవరో.

"తెలంగాణ ఆయినొక్కనిదా?" సతీశ్ లేచాడు. "డేరా కింద పన్నెండు దినాల నుంచి కూసున్నది ఎవలు? రాయి ఊరిది. దాని మీద ఇంక జాగ ఉన్నది. నా ఉలి ఉన్నది. పెత్తరమాస నాడు పదకొండు పేర్లు నేను చెక్కుత."

మర్నాడు నర్సక్క కాగితం తీసుకుపోయి జలపతి రావుకు చూపించింది. ఆయన చదివాడు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. మడతపెట్టి తిరిగి ఇచ్చాడు. "మా నాయిన వోయి ముప్పై ఏండ్లాయె. ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్? రాయి మీద చెయ్యి వెడితె మంచిగుండదు."

పెత్తరమాస వచ్చింది. పొద్దున్నే ఆడవాళ్లు చాటల్లో బియ్యం, కూరగాయలు పెట్టుకుని, వరుసగా రోడ్డెక్కారు. దాసరయ్య రాయి ముందు తువ్వాల పరిచాడు. సతీశ్ ఉలి అందుకున్నాడు. ఒక్కో ఇల్లు ముందుకొచ్చి పేరు చెబుతుంటే ఒక్కో పేరు చెక్కాడు. డేరాలో కూర్చున్న సాలోళ్లు, చాకలోళ్లు కొందరు లేచి వచ్చి పక్కన నిలబడ్డారు. కొందరు తల తిప్పుకున్నారు. నర్సక్క చివరిదాకా ఆగింది. ఇన్నేళ్లు ఆగినదానికి ఇంకో గంట ఎక్కువా అనుకుంది. అదే ఆమె చేసిన తప్పు. పది పేర్లు పూర్తయి, "మొ" అని ఒక్క అక్షరం పడేసరికి పోలీసు వ్యాను వచ్చింది.

ఇన్ని రోజులుగా పోలీసుల మీద మైకులో నిప్పులు కక్కిన జలపతి రావే ఫిర్యాదు ఇచ్చాడు. అమరుల రాయి పగలగొడుతున్నారట.

సతీశ్ చేతిలో ఉలి గుంజుకుని రెండు దెబ్బలేశారు. స్రవంతి అడ్డం పోతే జుట్టు పట్టి వ్యాను ఎక్కించారు. "ఇడువుండ్రి! పిల్లను ఇడువుండ్రి!" అని ఆడవాళ్లు మీద పడ్డారు. లాఠీలు లేచాయి. చాటలు ఎగిరిపోయాయి. చనిపోయిన పెద్దల బియ్యం రోడ్డంతా చిమ్మి, బూట్ల కింద పిండి అయింది. నర్సక్క చాటను పొట్టకు కరుచుకుని కూర్చుండిపోయింది. మొగిలి పేరున ఆమె తెచ్చిన మొదటి బియ్యం అవి. ఇద్దరు కానిస్టేబుళ్లు రెక్కలు పట్టి లేపితే అవి కూడా నేలపాలయ్యాయి. ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది. జలపతి రావు డేరాలో కుర్చీ మీద నుంచి లేవలేదు. వ్యాను కదులుతుంటే ఆయన మనుషులు రాయిని ట్రాక్టరులోకి ఎత్తడం నర్సక్క కళ్లారా చూసింది.

ఠాణాలో ఇరవై ముగ్గురు ఆడవాళ్లను, ఏడుగురు మగవాళ్లను వరుసలో నిలబెట్టారు. స్రవంతి పెదవి పగిలి నెత్తురు కారుతోంది. సతీశ్ నిలబడలేక గోడకు చేరగిలబడ్డాడు. హెడ్డు కానిస్టేబులు పెద్ద పుస్తకం తెరిచాడు.

"పేరు?"

"నర్సక్క."

"తండ్రి పేరు?"

"మొగిలి."

"ఉన్నడా, సచ్చిండా?"

నర్సక్క వెనక్కి తిరిగి స్రవంతిని చూసింది. హెడ్డు తల ఎత్తి చూశాడు.

"నిన్నే ముసల్దానా. ఉన్నడా, సచ్చిండా?"

"సచ్చిండు." ఆ మాట బయటికి రాగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "నలభై నాలుగుల సచ్చిండు. ఇటలీల, ఫాసిస్టోళ్ల ఫిరంగి దెబ్బకు సచ్చిండు. ఉరకలే. రాసుకో సారూ. గట్లనే రాసుకో."

"గదంత రాయనీకె జాగ లేదు. జరుగు."

నర్సక్క జరగలేదు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేసినా కదలలేదు. లస్మవ్వ ముందుకొచ్చి ఆమె పక్కన అదే బల్ల పట్టుకుంది.

"ముందుగాల ఆమె బాపుది రాయి. ఎన్క మా మామది. ఎంత పొద్దయినా సరే, ఈడనే నిలవడ్తం."

వరుసలో మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. హెడ్డు బయటికి చూశాడు. గేటు దగ్గర వాడలో మిగిలినవాళ్లు నడిచి వస్తున్నారు. వాళ్ల వెనుక డేరాలోంచి లేచినవాళ్లున్నారు. ఆయన కలం మళ్లీ అందుకున్నాడు.

"ఏ దేశమంటివి?"