ఉన్నదున్నట్టు

కూతురి కంచం, గ్లాసు, చెంచా మరుగుతున్న నీళ్ళలో వేసి ఆమె పొయ్యి దగ్గరే నిలబడింది. హాల్లో భర్త ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు, "తనకేముంది, ఇంట్లోనే ఉంటోందిగా, చూసుకుంటోంది" అని. ఆ 'ఇంట్లోనే' అన్న మాటలో ఎన్ని పనులు ఇరుక్కుని ఉన్నాయో ఆయనకు తెలియదు. వేళకు మందులు, పూటపూటకూ దుప్పట్లు, మందునీళ్ళతో నేల తుడవడం, వాంతులెత్తడం, మధ్యలో అత్తగారి మోకాళ్ళకు కాపడం. బియ్యం నానుతున్నాయి అన్నంత తేలిగ్గా, ఇంట్లోనే ఉంటోంది.

అంతకుముందు ఆమె ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేది. ఎవరెవరి వంటగదులకో గాలీ వెలుతురూ ఎటునుంచి రావాలో తేల్చేది. కూతురికి రక్తంలో జబ్బని తెలిసినప్పుడు, "పిల్లని చూసుకోండమ్మా, ఉద్యోగం ఎక్కడికి పోతుంది" అన్నాడు యజమాని ఆప్యాయంగానే. కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే ఆమె బల్ల దగ్గర ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. నిజమే, ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. పోయింది ఆమే. భర్త సెలవు పెట్టొచ్చన్న ఆలోచన మాత్రం ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆ మాటకొస్తే ఆమెకే రాలేదు. "మా వైపు ఇలాంటి జబ్బు ఎవరికీ లేదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. చెడ్డమనిషేం కాదు. భయమేస్తే ఆవిడ నోట మాట అలాగే వచ్చేది.

కూతురిని అందరూ పిచ్చుక అనేవారు. నాలుగు మెతుకులు తిని చాలంటుందని పడిన పేరది. జబ్బుకు ముందు నుంచీ ఉన్న పేరే గానీ, ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే ఆమె కంచంలో మిగిలిన మెతుకుల వైపు చూసేది.

ఒక మధ్యాహ్నం వార్డులో సెలైను మెల్లగా దిగుతుంటే, పిచ్చుక విసుగెత్తి ఏదైనా బొమ్మ వెయ్యమంది. ఆమె సంచిలో ఆఫీసు నాటి పెన్సిలు ఇంకా ఉంది. కానీ మనుషుల్ని వేసి ఏళ్ళయింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వేస్తుంటే, "చిన్నపిల్లలా ఇవేం బొమ్మలు?" అన్నాడు భర్త. కోపంగా కాదు, నవ్వుతూనే. కోపమైతే ఎదురు చెప్పేదేమో, నవ్వుకి ఏం చెబుతుంది? అప్పుడే మానేసింది.

మందుచీటీ వెనక ఒక పాపని వేసింది. రెండు జడలు, నిండుబుగ్గలు, పూలగౌను. పిచ్చుక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరిది?"

"నువ్వే."

"నేనెక్కడున్నాను ఇందులో? నాకు జుట్టేదీ?" పిల్ల కాగితం వెనక్కి తోసేసింది. "నువ్వు కూడా పాత నన్నే చూస్తున్నావా అమ్మా? ఇప్పుడున్న నన్ను వెయ్యి."

ఆమె ఇంకో చీటీ తీసుకుంది. ఇన్ని నెలలూ పిల్ల మొహం చూస్తూనే ఉంది. కళ్ళు పసుపెక్కాయా, పెదవులు పాలిపోయాయా, ఒంటిమీద కొత్త మచ్చ లేచిందా అని వెతుకుతూ చూసింది. వెతకడం మానేసి చూసింది మాత్రం ఆ మధ్యాహ్నమే. నున్నటి తల. కనుబొమ్మలు రాలిపోవడంతో మరింత పెద్దవైన కళ్ళు. మందులకు ఉబ్బిన చెంపలు. తండ్రి నుంచి వచ్చిన మొండి గడ్డం. చేతికి గుచ్చిన సూది, దాని మీద పట్టీ. ఏదీ దాచకుండా వేసింది. వేస్తున్నంతసేపూ రేపేమవుతుందన్న ఊసే మనసులోకి రాలేదు. చాలా కాలం తర్వాత ఆమెకు ఊపిరి అడుగు దాకా అందింది.

పిచ్చుక చూసి పకపకా నవ్వింది. "గుమ్మడికాయకి చెవులు మొలిచాయి" అంది. తర్వాత నర్సుని పిలిచి మరీ చూపించింది, "ఇది నేను" అని.

ఆ రోజు నుంచి వేస్తూనే ఉంది. నిద్రపోయే పిచ్చుక, మందు వద్దని మూతి బిగించిన పిచ్చుక, కిటికీ గట్టు మీద గడ్డం ఆనించిన పిచ్చుక. పక్క మంచాల తల్లులు తమ పిల్లల్నీ వెయ్యమని అడిగేవారు. ఇంత కష్టంలో తనకు సంతోషమేమిటని మొదట్లో సిగ్గుపడేది. పోనుపోను ఆ సిగ్గు కూడా విసుగొచ్చి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక ఆ బొమ్మల్ని హాల్లో అంటించింది. బంధువులు వస్తున్నారంటే అత్తగారు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది. "చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కాస్త జుట్టు పెట్టి వెయ్యొచ్చుగా" అంది. భర్త కూడా తల్లినే సమర్థించాడు. "వీటితో జబ్బు తగ్గుతుందా?" అనడిగాడు.

"తగ్గదు. మందులతో తగ్గుతుంది. వీటితో నేను బతుకుతున్నాను" అంది ఆమె.

అత్తగారి చేయి ఇంకో బొమ్మ మీదకి వెళ్ళబోతుంటే పిచ్చుక గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నానమ్మా, నన్నెందుకు పీకేస్తున్నావు?"

ఆవిడ అలాగే ఆగిపోయింది. చేతిలోని బొమ్మని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. జబ్బు చేశాక మనవరాలి మొహం ఆవిడ అంతసేపు చూడడం అదే మొదలు. "గడ్డం అచ్చం మీ నాన్నదే" అంది చివరికి, కళ్ళొత్తుకుంటూ. పీకిన బొమ్మల్ని తనే మళ్ళీ అంటించింది, ఒకటి తలకిందులుగా. బంధువులు వచ్చారు, చూశారు, టీ తాగి వెళ్ళారు. కొంపలేం మునగలేదు.

తర్వాతి పరీక్షల్లో రక్తం కాస్త నిలకడగా ఉందన్నారు డాక్టరుగారు. పూర్తిగా తగ్గిందనలేం, దారిలో ఉన్నాం అన్నారు. ఆ మాటే ఇంట్లో పండగయింది.

ఆదివారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే రోజు. ఆమె సంచి సర్ది, మందులు ఏ వేళకు ఏవో చెప్పి, ఆ సంచిని భర్త చేతిలో పెట్టింది.

"ఈసారి మీరు వెళ్ళండి. నాకు పనుంది."

"ఇంట్లో ఏం పని?"

"బొమ్మ వేసుకోవాలి."

ఆయన గోడవైపు చూశాడు. అక్కడ ఖాళీ ఎక్కడా లేదు.

"ఇంకా ఎన్ని వేస్తావు పిచ్చుకవి?"

"పిచ్చుకది కాదు" అంది ఆమె. "నాది."