గీత దాటని పులి

నేను పులిమేక ఆటలో ఒక పులిని. రాయదుర్గం దగ్గర ఒక బడిలో కంప్యూటర్లు నేర్పే నజ్మా టీచర్ నన్ను బొమ్మగా గీసి, బ్రౌజర్‌లో తెరుచుకునే ఆటలో పెట్టింది. మౌస్‌తో పట్టి లాగి ఎక్కడ వదిలితే అక్కడ కూర్చునేదాన్ని. అదే నా లోపమని మొదటి ఆటలోనే తేలిపోయింది.

బడి వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చిన నారపరెడ్డిగారు ముచ్చటపడి పులులు తీసుకున్నారు. మేకలు తొమ్మిదో తరగతి మారెక్కవి. వాళ్ల నాయన గొర్రెల కాపరి. బండ మీద గీసుకుని ఆడే ఆటలో ఆయన్నే ఓడించే పిల్ల. చూస్తుండగానే చుట్టూ మేకలను పెట్టి రెండు పులులను కదలకుండా కట్టేసింది, మూడోదాన్నైన నాకూ దారి మూసేసింది. అప్పుడు నారపరెడ్డిగారు నన్నెత్తి, ఎక్కడో అవతలున్న మేక మీద పడేశారు. మేక మాయమైంది.

"సార్, పులి అట్ల పోదు. గీతెంబడే పోవల్ల."

"కంప్యూటరే ఒప్పుకునింది కదమ్మా, నీకేమి?"

హాలంతా నవ్వింది. మారెక్క లేచి వెళ్లిపోయింది. దొంగ సొమ్ము మీద కూర్చున్నట్టు నేను ఆ చుక్క మీదే ఉండిపోయాను.

మరునాడు టీచరే ఆమెను పిలిచింది. "తప్పు నాది మారెక్కా. పులి యాడ్నుంచి యాడికి పోవచ్చో నువ్వు చెప్పు, నేను రాస్తా."

వారం రోజులు బడి వదిలాక ఇద్దరూ కూర్చున్నారు. గీతలు కలిసే ఇరవైమూడు చుక్కలకూ దారులు రాశారు. పక్క చుక్క ఖాళీగా ఉంటే అడుగు వేయాలి. పక్కన మేక ఉండి, దాని వెనక చోటుంటే దూకాలి. ఇంకెక్కడ వదిలినా బయలుదేరిన చోటికే వచ్చేయాలి. అలా వెనక్కి రావడం నేర్చిన రోజే నేను నిజంగా పులినయ్యాను.

మరుసటి ఏడు నారపరెడ్డిగారు మళ్లీ వచ్చారు. "ఇంకొగాట ఆడదామా సార్?" అని మారెక్కే అడిగింది. మళ్లీ రెండు పులులు చిక్కాయి, నాకూ దారి మూసుకుపోయింది. ఆయన నన్ను లాగి దూరంగా వదిలారు. వెనక్కి వచ్చాను. మళ్లీ లాగారు. మళ్లీ వచ్చాను.

"ఇదేమి టీచరమ్మా, చెడిపోయిందా?"

"లేదు సార్, ఇప్పుడే బాగైంది."

మూడోసారి కూడా లాగి చూసి, ఆయన మౌస్ వదిలేశారు. హాల్లో ఎవరూ నవ్వలేదు. మారెక్క వైపు తిరిగి అన్నారు. "కట్టేసినావు పాపా. పోయినేడు గూడా నువ్వే గెలిచినావులే."

"నాకు తెల్సు సార్," అంది మారెక్క.

ఇప్పుడు ఎన్నో బడుల్లో నన్ను ఆడిస్తున్నారు. గెలిచిన ఆటలు చాలానే ఉన్నాయి. గర్వంగా చెప్పుకునేది మాత్రం, చుట్టూ మేకలు మూగి కదల్లేకపోయిన ఆ ఓటమినే.