గవర్నరు పెట్టాల్సిన సంతకం

ప్రెసిడెంట్ థార్ప్ ఆ ఉదయం పదకొండు మంది ఖైదీలకు క్షమాభిక్ష పెట్టాడు. సంతకాలు పూర్తయ్యాక, ఆయన సొంత రాష్ట్రం నుంచి వచ్చిన లుయెల్లా బ్రాండ్‌వోల్డ్ అనే ముసలామెను లోపలికి పిలిచారు. ఆమె కొడుకు పద్నాలుగేళ్లుగా జైల్లో ఉన్నాడు.

"కలం ఇంకా చేతిలోనే ఉంది కదయ్యా. మావాడి కాగితం మీదా ఓ గీత గీసెయ్యండి."

"నేను ఫెడరల్ కోర్టు వేసిన శిక్షలే తీసేయగలనమ్మా. మీవాడికి శిక్ష వేసింది రాష్ట్రం."

"మీరు ఊఁ అంటే యుద్ధ విమానాలు లేస్తాయంటారు. ఒక్క జైలు తలుపు తీయించలేరా? మరి ఇంత పెద్ద కుర్చీ దేనికి?"

"ఆ తలుపు నా మాట వినదమ్మా. అది గవర్నరు చేతిలో పని. ఆయనకు అర్జీ పెట్టుకోవాల్సింది."

ఆమె సంచిలోంచి నలిగిన ఉత్తరం తీసి బల్లమీద పరిచింది. "తొమ్మిదేళ్ల కిందటే పెట్టుకున్నానయ్యా. ఇదిగో జవాబు."

అర్జీని తోసిపుచ్చినట్టు అందులో ఒకే వాక్యం ఉంది. కింద గవర్నరు సంతకం. ఆ రోజుల్లో అక్కడ గవర్నరు థార్పే. ఇందాక పదకొండు మందిని విడిపించిన సంతకమే అది, చివర అదే మెలిక.

ఎంత గింజుకున్నా, ఆ అర్జీ చదివినట్టు మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.